గీత పక్కన సంవత్సరం

భారతదేశ భూవిజ్ఞాన పటాన్ని గోడకు తగిలించి నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే, పడమటి వైపు ఒకే రంగు పూసిన పెద్ద ప్రాంతం కనిపిస్తుంది. మహారాష్ట్రలో చాలా భాగం, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటకల్లో కొంత, తెలంగాణ అంచున కాస్త. మొత్తం సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం నేల పగుళ్ళలోంచి పొంగి, పొర మీద పొరగా పరుచుకున్న లావా అది. దక్కన్ ట్రాప్స్ అంటారు. అక్కడి నుంచి చూపు తూర్పుకు జరిపితే, వందల కిలోమీటర్ల దాకా ఆ రంగు ఎక్కడా ఉండదు. మళ్ళీ రాజమహేంద్రవరం పక్కన, గోదావరికి అటూ ఇటూ, సూదిమొనంత మేర కనిపిస్తుంది. నా ఉద్యోగ జీవితంలో మంచి భాగం ఆ సూదిమొన చుట్టూనే గడిచింది.

నేను చదివింది జాగ్రఫీ. హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాల మీద డిజిటల్ పటాలు తయారుచేయడం నా పని. రాళ్ళ సంగతి నేర్పింది మాస్టారు. భూగర్భశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. గోదావరి ఒడ్డున ఉన్న ఆ లావాకి కొత్త పటం గీయాలన్నది ఆయన పట్టుదల. చేతిలో సుత్తి లేకుండా ఆయన బయటకు అడుగు పెట్టగా నేను చూడలేదు. నన్ను పనిలోకి తీసుకున్నప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే: "అమ్మా, కంప్యూటర్‌లో గీసిన ప్రతి గీత దగ్గరా నువ్వు ఒకసారి నిలబడాలి."

నన్ను ముందు రాజమహేంద్రవరం తీసుకెళ్ళలేదాయన. చేవెళ్ళ దాటించి వికారాబాద్ వైపు తీసుకెళ్ళారు. అక్కడ లావా నేల చిత్రంలో ఎలా కనిపిస్తుందో కన్ను అలవాటు పడాలి. మే నెల చిత్రం ప్రింటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పైరు లేని నెల కాబట్టి నేల రంగు దాచుకోకుండా బయటపడుతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైటు నేల ఎర్రగా, ఇసుకగా ఉంటుంది. పడమటికి పోయేకొద్దీ నల్లరేగడి మొదలవుతుంది. ఆ రేగడి లావా రాయి కరిగి, కుళ్ళి, మట్టిగా మారినదే. అనంతగిరి కొండల మీదికెక్కితే మళ్ళీ ఎరుపు. ఆ ఎరుపు గ్రానైటుది కాదు, లావా రాయిలోంచి తక్కినవన్నీ వానలకు కొట్టుకుపోగా ఇనుము మిగిలి గట్టిపడిన లాటరైటుది. ఉపగ్రహం రెండు ఎరుపుల్నీ దగ్గర దగ్గరగానే చూపిస్తుంది. తేడా తెలియాలంటే కంటికి కనిపించని పరారుణ పట్టీల్లో చూడాలి. ఇనుము, బంకమట్టి ఆ కాంతిని వేరువేరు చోట్ల పీల్చుకుంటాయి. ఆ నిష్పత్తులు వేసి చూసినప్పుడు లాటరైటు కొండల మీద టోపీలా విడిపోయి కనిపించింది. తరవాత ఆ టోపీ మీద నిలబడి చుట్టూ చూశాను. మాస్టారు షరతుకు అర్థం అప్పుడు తెలిసింది.

సహ్యాద్రి సంగతి వేరు. అక్కడ లావా రెండు కిలోమీటర్లకు పైగా మందం. ఎత్తుల డేటా నుంచి వాలు పటం తీస్తే చాలు, పొరలన్నీ మెట్లు మెట్లుగా లేచి నిలబడతాయి. గట్టి పొర నిటారుగా, మెత్తని పొర ఏటవాలుగా. మహాబలేశ్వర్ నుంచి పొలాద్‌పూర్ దిగే అంబేనళి ఘాట్ రోడ్డులో ఆ మెట్లను ఒక్కొక్కటే దిగుతూ వెళ్ళాం. ఆ మూడు పేర్లతోనే లావా పొరల వర్గాలకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టుకున్నారు. మాస్టారు ఆ రోడ్డు పక్కన ఒక నల్లరాయి ముక్క తీసి నా చేతిలో పెట్టి, "దీని చుట్టాలే మన గోదావరి ఒడ్డున ఉన్నారు" అన్నారు.

ఆ మాట వెనక పెద్ద వాదమే ఉంది. రాజమహేంద్రవరం దగ్గరి లావా అక్కడే నేల చీల్చుకుని పైకి వచ్చిందా, లేక పడమటి కనుమల వైపు పొంగిన లావాయే వెయ్యి కిలోమీటర్లు పారుకుంటూ వచ్చిందా? 2008లో స్టీఫెన్ సెల్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు రాయిలోని రసాయన పాళ్ళు, వయసు, అయస్కాంత దిశ పోల్చి చూశారు. ఇది అంబేనళి, మహాబలేశ్వర్ వర్గాల లావాతో సరిపోతోందనీ, పాత నదీలోయల వెంట పారి సముద్రం దాకా వచ్చి ఉంటుందనీ వాదించారు. అదే నిజమైతే భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలివి. నాకు ఆ వాదమే బలంగా కనిపిస్తుంది. సిద్ధాంతాన్ని పక్కన పెట్టినా, ఈ చిన్న తునకను సరిగా కొలిచి పటంలో పెట్టడం ఎంత అవసరమో ఆ ఒక్క ప్రశ్నే చెబుతుంది.

తీరా గోదావరి చిత్రం తెర మీద తెరిస్తే, నేర్చుకున్నదేదీ పనిచేయలేదు. కొవ్వూరు, దేవరపల్లి, పంగిడి చుట్టూ మెరక భూములన్నీ పచ్చదనమే. ఆయిల్‌పామ్, కొబ్బరి, కోకో, జీడిమామిడి. ఫాల్స్ కలర్‌లో పచ్చదనం ఎర్రగా వస్తుంది కనుక తెరంతా ఎరుపు. మే నెలైనా, జనవరైనా ఒకటే. ఆయిల్‌పామ్‌కు ఆకు రాల్చే కాలం లేదు. వికారాబాద్‌లో నల్లరేగడి చూసి లావాను పట్టుకున్న కన్ను ఇక్కడ ఎక్కడ ఆనుకోవాలో తెలియక తడబడింది.

ఆ ఎరుపు మధ్యలో అక్కడక్కడా తెల్లని మచ్చలు, వాటి పక్కన లేత నీలం గుంటలు కనిపించాయి. తెల్లనివి క్రషర్ల దుమ్ము. నీలం గుంటలు వదిలేసిన క్వారీల్లో నిలిచిన బురదనీళ్ళు. ఈ లావా నేల మీద ఆకాశానికి కనిపించేది మనిషి తవ్విన చోటు మాత్రమే. దాంతో పని తీరు మార్చుకున్నాం. లావాను వెతకడం మాని క్వారీలను వెతికాను. భారతీయ ఉపగ్రహం రిసోర్స్‌శాట్ తీసిన 5.8 మీటర్ల చిత్రాల మీద ఒక్కో గుంత చుట్టూ క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో గీత గీసి, ఒక్కోదానికీ నంబరిచ్చి, జాబితా పట్టుకుని రైలెక్కాం.

గౌరీపట్నం అంటే చాలామందికి నిర్మలగిరి మరియమాత క్షేత్రం గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో నల్లరాయి క్వారీలు చాలా కాలంగా ఉన్నాయి. మేం దిగిన క్వారీలో డ్రిల్లర్‌గా పనిచేసే పెద్దాయన ఒకరు మాతో పాటు గుంతలోకి వచ్చారు. కింద నల్లరాయి, నిలువు బీటలతో స్తంభాలు నిలబెట్టినట్టు. దాని మీద లేత పసుపు, తెలుపు కలిసిన సున్నపురాయి, మట్టి పొరలు. వాటి మీద మళ్ళీ నల్లరాయి. మాస్టారు గోడ ముందు నిలబడి కాసేపు మాట్లాడలేదు. పెద్దాయన మాత్రం చాలా మామూలుగా చెప్పుకొచ్చారు.

"అది గవ్వల రాయండి. కంకరకి పనికిరాదు. మధ్యలో అది తగిలిందంటే మాకు పని దండగేనండి. తీసి ఆ పక్కన పోసేస్తాం."

ఆయన చూపించిన కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే ఆల్చిప్పలు, నత్తగుల్లలు. మాస్టారు వాటిని ఏరి అరచేతిలో పరిచారు. ఈ గుల్లల గురించి నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండ్ మిషనరీ 1860లోనే రాశారు. కింది లావా చల్లారాక ఇక్కడికి సముద్రపు నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళలో ప్రాణులు బతికాయి, వాటి గుల్లలు అడుగున పేరుకున్నాయి. ఆ తరవాత మళ్ళీ లావా వచ్చి మూసేసింది. రెండు లావాల మధ్య భూమి అయస్కాంత దిశ కూడా తలకిందులైంది. కింది రాయిలో ఒక దిశ, పై రాయిలో దానికి వ్యతిరేక దిశ. 2008లోనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల్లోని మధ్య పొరల్లో, కింది లావాకు ఆనుకుని, సూక్ష్మజీవుల గుల్లలు కనుక్కుంది. డైనోసార్లు అంతరించిన మహావినాశనం తరవాత తొలినాళ్ళలో పుట్టిన జీవులవి. అంటే దక్కన్ లావా ఉద్ధృతికీ, ఆ వినాశనానికీ కాలం ఎంత దగ్గరో చెప్పగల సాక్ష్యం, పడమటి కనుమల్లోని అంతటి మందపు గోడల్లో కాకుండా ఇక్కడ, కంకరకు పనికిరాదని పక్కన పోసే రాతిలో ఉంది. ఉల్కాపాతమా, లావానా అన్న చర్చలో ఎవరు ఏ పక్షాన ఉన్నా ఈ పొర దగ్గరకు రావలసిందే.

పెద్దాయన ఆ గుల్లల్లో ఒకటి తీసి తిప్పి చూసి, "సముద్రం ఇక్కడి దాకా వచ్చిందంటారాండి?" అని అడిగారు. మాస్టారు కుప్ప మీద కూర్చుని ఆయనకు మొదటి నుంచీ చెప్పారు. టిప్పర్ డ్రైవర్లు కూడా వచ్చి నిలబడ్డారు. నాకు తెలిసి ఆయన జీవితంలో చెప్పిన మంచి పాఠాల్లో అదొకటి.

పటం పని అక్కడి నుంచి చిక్కుల్లో పడింది. ఆ చిక్కులు పాత పటాలతో మొదలయ్యాయి. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ పేరుతో ఉన్న గోళాభం లెక్కలో గీసినవి. జీపీఎస్, ఉపగ్రహ చిత్రాలు డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో ఉంటాయి. మార్చకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే కొన్ని వందల మీటర్ల తేడా వస్తుంది. మా క్వారీల వెడల్పే అంత. అందుకని చెరువు గట్లు, పాత రోడ్డు మలుపులు, గుడులు పట్టుకుని ఒక్కో షీటునూ సర్దాను. విసుగు పుట్టించే పనే, కానీ పటం నమ్మకం అంతా దాని మీదే నిలబడుతుంది.

రెండో చిక్కు ఎత్తులది. మేం వాడింది ఎస్ఆర్‌టీఎం డేటా. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల యాత్రలో రాడార్‌తో భూగోళాన్ని కొలిచినది. ఒక మధ్యాహ్నం పంగిడి దగ్గర ఒక క్వారీ అంచున నిలబడి, ట్యాబ్‌లో ఆ ఎత్తుల పటం తెరిచాను. తెర మీద నా ముందు మెరక ఉంది. కళ్ళ ముందు లోతైన గుంత ఉంది. కాంటూరు గీతలు గాలిలో నడుస్తున్నాయి. డేటాలో తప్పేమీ లేదు, అది కొలిచిన నెలలో ఆ మెరక ఉండి ఉంటుంది. ఆ రోజు నుంచి నాకు ఏ పటం చూసినా ముందు వచ్చే ప్రశ్న, ఇది ఎప్పటిది?

పాత చిత్రాలన్నీ తిరగేయడం మొదలుపెట్టాను. ల్యాండ్‌శాట్ 5 అనే ఉపగ్రహం 1984 నుంచి తీసిన చిత్రాలు 2008లో అందరికీ ఉచితమయ్యాయి. ఒక్కో పిక్సెల్ 30 మీటర్లు. చిన్న క్వారీ అంటే నాలుగైదు గళ్ళు, అంతే. అయినా వరసగా పేర్చి చూస్తే కథ అర్థమవుతుంది. ఒక చోట తెల్లమచ్చ పుడుతుంది, పెరుగుతుంది, దాని పక్కన నీలం గుంట వస్తుంది, కొన్నేళ్ళకు మచ్చ ఇంకో చోటికి జరుగుతుంది. 2015 తరవాత సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలు వచ్చాక 10 మీటర్లలో, రెండో ఉపగ్రహం తోడయ్యాక అయిదు రోజులకోసారి చూడగలిగాం. గోదావరికి అవతలి ఒడ్డున, కాతేరు వైపు, పాత క్వారీ గుంటల దాకా రాజమహేంద్రవరం ఇళ్ళు పాకుతూ రావడం కూడా ఆ చిత్రాల్లోనే చూశాను. తవ్వకం లావాను బయటపెడుతుంది. బయటపడిన చోటునే తినేస్తుంది. ఆ గుంతల్లోంచి వచ్చిన కంకరే ఈ జిల్లాల రోడ్లలో, ఇళ్ళ స్లాబుల్లో ఉంది. మేం కొవ్వూరు నుంచి వెళ్ళే జాతీయ రహదారి కూడా కంకర లేనిదే లేదు. తవ్వేవాళ్ళ మీద నాకు కోపం లేదు. తవ్వినది ఎక్కడా రాసిపెట్టకపోవడమే నాకు బాధ.

మేం ఆ రాసిపెట్టే పని చేశాం. మధ్య పొర కనిపించిన చోట్ల దాని ఎత్తు జీపీఎస్‌తో కొలిచాం. ఒకే పొర మూడు చోట్ల ఎంతెత్తున ఉందో తెలిస్తే అది ఏ దిక్కుకు, ఎంత వాలిందో లెక్క కట్టవచ్చు. మా లెక్కలోనూ అది పాతవాళ్ళు చెప్పినట్టే ఆగ్నేయానికి, సముద్రం వైపు మెల్లగా వాలింది. ఆ వాలును నేల ఎత్తుల మీద పరిస్తే, కంటికి కనిపించని తోటల కింద లావా అంచు ఎక్కడ ఉండాలో ఒక గీత వచ్చింది. నిజమో కాదో చూడటానికి తవ్వలేం కదా. అప్పుడు మాస్టారు అన్నారు, "తవ్వినవాళ్ళు ఉన్నారమ్మా. రైతుల్ని అడుగుదాం."

బోర్ల కోసం ఆ ఊళ్ళలో ప్రతి రైతూ నేలను ఎప్పుడో ఒకప్పుడు తవ్వించినవాడే. రిగ్గు అద్దె అడుగుల లెక్కన కట్టినవాళ్ళు ఏ అడుగులో ఏం వచ్చిందో మర్చిపోరు. దుద్దుకూరు దగ్గర ఒక ఆయిల్‌పామ్ తోటలో రైతు మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, కొబ్బరిబోండాలు కొట్టించి, తన బోరు కథంతా చెప్పారు. "పైన ఎర్రమట్టండి. తరవాత నల్లరాయి తగిలింది. బిట్టు కదలట్లేదంటే ఆపేద్దామన్నారు రిగ్గోళ్ళు. మా నాన్నగారు ఒప్పుకోలేదు. రాయి దాటాక ఇసకరాయి వచ్చింది చూడండి, నీళ్ళు ఎగదన్నాయి." ఆ ఇసుకరాయి తిరుపతి ఇసుకరాతి పొర. ఈ మెరక భూములకు నీళ్ళిచ్చేది అదే, లావా కింద ఉంటుంది. ఆ రైతు చెప్పిన అడుగులు నా లెక్కకు దగ్గరగా వచ్చినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంకే ఉపగ్రహ చిత్రం చూసినా కలగలేదు. అలా ఊరూరా బోర్ల మాటలు పాయింట్లుగా పటంలో చేరాయి. కొన్ని చోట్ల గీతను జరిపాం. అదే వాలు పట్టుకుని ఇంకా ఆగ్నేయానికి పోతే కోనసీమ కింద, చమురు కోసం తవ్విన లోతైన బావుల్లో ఇదే లావా మళ్ళీ తగులుతుంది. రాజోలు పేరుతోనే దాన్ని పిలుస్తారు. వరిచేలు, కొబ్బరితోటల కింద, ఎన్నో పొరల లోతున.

పటానికి తుదిరూపం ఇచ్చేటప్పుడు మాస్టారికీ నాకూ పెద్ద వాదన జరిగింది. భూవిజ్ఞాన పటంలో కళ్ళారా చూసిన అంచుకు నిండు గీత, ఊహించిన అంచుకు చుక్కల గీత. ఇది అందరూ పాటించే పద్ధతి. మరి ఒకప్పుడు చూసి, ఇప్పుడు గాలిలో కలిసిపోయిన అంచుకు? నేను మూడో గుర్తు కావాలన్నాను. ప్రతి పాయింటుకూ పట్టికలో రెండు గళ్ళు ఉండాలన్నాను: మొదట కనిపించిన తేదీ, చివరగా కనిపించిన తేదీ. చిత్రాల్లోంచి తీసినదైతే చిత్రం తేదీ, మనం చూసినదైతే మన తేదీ.

"రాయి వయసు ఆరున్నర కోట్ల ఏళ్ళు. దాని పక్కన 1997, 2011 అని రాస్తావా? అది క్వారీల చరిత్ర, భూగర్భశాస్త్రం కాదు" అన్నారాయన.

"ఈ పటం పట్టుకుని వచ్చే విద్యార్థి ఆ చోట నిలబడి గోడ కోసం వెతుక్కుంటాడు సార్. గోడ లేకపోతే మనం అబద్ధం రాశామనుకుంటాడు."

ఆయన ఆ రోజు ఒప్పుకోలేదు. మర్నాడు గౌరీపట్నంలో మేం మొదటిసారి దిగిన గుంతకు మళ్ళీ వెళ్ళాం. ఆ గోడ లేదు. గుంత వెడల్పయింది, అడుగున నీళ్ళు నిలిచాయి. మాస్టారు అంచున చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు కారులో, "గీత పక్కన చిన్న అంకెల్లో వేద్దాం. పటం చూసేవాడి కంటికి అడ్డం రాకూడదు, కానీ ఉండాలి" అన్నారు. అలాగే వేశాం.

డ్రిల్లర్ పెద్దాయన మా నంబరు రాసుకున్నారు. ఒక సాయంత్రం ఆయన ఫోను: "మేడం గారండీ, కొత్త గుంతలో గవ్వల రాయి తగిలింది. బానే మందంగా ఉందండి. ఎల్లుండి పేలుస్తారంట. వస్తారా?" మాస్టారికి అప్పటికి మోకాళ్ళ నొప్పులు. అయినా రాత్రికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరాం. పొద్దున్నే గుంతలో దిగేసరికి పెద్దాయన గోడ మీద పేరుకున్న దుమ్మంతా ముందే నీళ్ళు కొట్టి కడిగి ఉంచారు. గోడంతా ఫొటోలు తీశాను, ఒకదాని అంచు ఇంకోదానితో కలిసేలా. వాటిని కలిపి కంప్యూటర్‌లో ఆ గోడను మూడు కొలతల్లో నిలబెట్టవచ్చు. మాస్టారు స్టూలు వేసుకుని కూర్చుని, ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు చెప్పి రాయించారు. కింది లావాను తాకే చోట, మధ్యలో, పై లావాను తాకే చోట మట్టి నమూనాలు తీసి సంచుల్లో కట్టి, సంచి మీద అక్షాంశం, రేఖాంశం, ఎత్తు రాశాం.

ఆ పని చేస్తుండగా క్వారీ గుత్తేదారు వచ్చారు. మాస్టారు ఆయన్ని ఒకటే అడిగారు: గుంతకు పడమటి అంచున, రాయి ఎలాగూ బీటలు వారి పనికిరాని చోట, మూడు పొరలూ కలిసిన గోడ కొంత వదిలేయగలరా? కడప దగ్గర మంగంపేట బెరైటీస్ పొరల్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన సంగతి ఆయనకు చెప్పారు. ఇక్కడ కూడా పిల్లల్ని తీసుకొచ్చి చూపించడానికి ఒక్క గోడ చాలన్నారు. గుత్తేదారు గోడ వైపు, నీళ్ళు కొట్టిన పెద్దాయన వైపు చూశారు. "లీజు ఉన్నంతకాలం ఆ మూల జోలికి పోనండి. తరవాత సంగతి నా చేతిలో లేదు" అన్నారు.

తక్కిన గోడ మర్నాడు పేల్చారు. పట్టికలో ఆ గోడ వరసలో మొదట కనిపించిన తేదీ, చివరగా కనిపించిన తేదీ వేశాను. పడమటి మూలకు వేరే వరస తెరిచి, చివరి తేదీ గడి ఖాళీగా ఉంచాను. లీజు ముగిసే సంవత్సరం రిమార్కుల్లో రాసి, ఆ మూల రక్షణ కోరుతూ పెట్టే అర్జీకి పటం నకలు, ఫొటోలు, నమూనాల జాబితా జతచేశాను.